నాచు అని చెప్పాను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది నిమిషాలు మాట్లాడమన్నారు. మీకు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, మొక్కల సంగతి తప్ప నాకేం వచ్చు? అందుకని ఒక తప్పు ఒప్పుకుంటాను.

ఒక దసరా సెలవుల్లో మిమ్మల్ని కొందరిని జోగ్ జలపాతానికి తీసుకెళ్లాం. తిరిగొస్తూ ఒక ఏటి దగ్గర బస్సు ఆపాం. నీళ్లు హోరెత్తిపోతున్నాయి. రాళ్లకు పచ్చగా ఏదో అంటుకుని ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె "ఇదేంటి సార్?" అంది. "నాచమ్మా, జారుతుంది, ఇవతలికి రా" అన్నాను. నోట్సులో కూడా రాసుకుంది పాపం.

రెండేళ్లకు జనవరిలో మళ్లీ అటు వెళ్లాను. నీళ్లు తగ్గి రాళ్లు తేలాయి. నేను నాచన్న దానికి బుల్లి బుల్లి పూలు! నాచు ఎక్కడైనా పూస్తుందా?

అవి పొడోస్టెమేసి కుటుంబం మొక్కలు. ప్రపంచంలో 300 జాతుల దాకా ఉన్నాయి. వేరు, కాండం, ఆకు అని నేను బోర్డు మీద వేసిన బొమ్మ వీటి ముందు పనికిరాదు. వేరు మట్టిలోకి దిగదు. పచ్చగా రిబ్బనులా, కొన్నిట్లో రాతికి పూసిన పూతలా పరుచుకుని, ఎండ పట్టి ఆహారం తయారుచేస్తుంది. కింద సన్నని నూగు, జిగురు రాతిని పట్టుకుంటాయి. గింజ దుమ్ము రేణువంత. సబ్జా గింజ నానితే జిగురు పట్టదూ, అలాగే తడి తగిలితే రాతికి అతుక్కుంటుంది. కొబ్బరికాయలో మనం తినేది మొలక కోసం చెట్టు దాచిన తిండి కదా, ఈ గింజలో ఆ తిండి నిల్వ ఉండదు.

పెరదేనియ తోట అధిపతి జె.సి. విల్లిస్ సింహళం, భారతదేశాల్లోని ఈ మొక్కల మీద 1902లోనే పెద్ద గ్రంథం రాశారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య హెచ్.వై. మోహన్‌రామ్, ఆయన శిష్యులు వీటిని పరిశీలించారు. నేను చదువుకోలేదు, అంతే.

వీటి బతుకంతా నీటి లెక్క. వానాకాలమంతా పరుగెత్తే నీళ్లలో పెరగాలి. నీళ్లు తగ్గి రాయి బయటపడ్డాకే చాలా జాతులు పూస్తాయి. ఆ ఎండకే మొక్క మాడిపోతుంది. ఆలోగా కాయ పండి గింజ రాలాలి, మళ్లీ వరద దాకా ఆగాలి. కొన్ని జాతులకు ఒకటి రెండు ఏళ్లే ఇల్లు, మరో చోట దొరకవు.

మొన్న మా అబ్బాయి కారులో తీసుకెళ్తే, ఆ చోట చిన్న ఆనకట్ట ఉంది. వెనక నీళ్లు చెరువులా నిలిచాయి. పరుగూ లేదు, రాయి తేలేదీ లేదు. ఆనకట్టలు వద్దని నేననను, మన ఊరి వరి కాలవ నీళ్లతో పండిందే. కానీ కట్టేముందు ఆ రాళ్లను ఎవరైనా చూసి ఉంటారా? చూసినా నాలాగే నాచనుకుని ఉంటారు.

నేను రెండోసారి వెళ్లొచ్చేసరికి ఆ అమ్మాయి పది పాసై వెళ్లిపోయింది. ఇవాళ ఈ సభలో ఉందో లేదో తెలీదు. ఉంటే, అమ్మా, నోట్సులో ఆ మాట కొట్టేసుకో. అది పూలమొక్క.