నిదానముగా స్వగ్రామమునకు
(తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగపాఠము)



వేసవి సెలవులు సమీపించుచున్నవి. మీలో పలువురు బరంపురమునుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలోని స్వగ్రామములకు పోవుదురు. రాత్రి రైలెక్కి తెల్లవారునప్పటికి దిగుట మనకలవాటు. ఈ పర్యాయము వాహనసౌకర్యము కలవారు రెండు మూడు దినములు తీసికొని, పగటిపూట రోడ్డుదారిని పోవలసినదని మా మనవి.

ఇందులకు కారణము కలదు. మన పిల్లలు ఇంట తెలుగు చక్కగా మాటలాడుదురు, చదువుమన్న తడబడుదురు. ఇచట వీధిపలకలపై వారికి గానవచ్చునది ఎక్కువగా ఒడియా, ఇంగ్లీషు. తెలుగు లిపి పాఠ్యపుస్తకమునందే యుండునని వారు తలచుటలో వింత లేదు. ఇచ్ఛాపురము చేరగానే ఆ తలంపు మారును. అంగడి పలక, బస్సు పలక, గోడమీది ప్రకటన అన్నియు వాచకములే. సోంపేట, పలాస, టెక్కలి, నరసన్నపేట అను పేర్లను బిడ్డచేతనే చదివింపుడు. మీరు ముందుగా చెప్పకుడు.

ఖర్చునకు వెరవవలదు. మన పెద్దలు ఎడ్లబండ్లపై పోవునపుడు తోపులలో బండ్లు విప్పి, మూడురాళ్ల పొయ్యిపై వండుకొని, సత్రమునందో గుడి మండపమునందో పరుండెడివారు. నేడును తోటవారి యనుమతితో మామిడినీడను ఎండవేళ గడపవచ్చును. ఆలయపు పెద్దలు సమ్మతించినచోట రాత్రి నిలువవచ్చును. మంచినీళ్లు, చాపలు, దోమతెర వెంట నుంచుకొనుడు. నిప్పు పూర్తిగా నార్పి, స్థలము నూడ్చి కదలుట మన ధర్మము.

దారి కొంచెము మరలి, వంశధార యొడ్డుననున్న శ్రీముఖలింగమును చూపుడు. తూర్పు గాంగుల కళింగనగరము ఇదియేనని చరిత్రకారుల మతము. 13వ శతాబ్దమున కోణార్క దేవాలయమును కట్టించిన నరసింహదేవుడు ఆ వంశమువాడే. కావున మనమున్న సీమయు, మన పూర్వుల సీమయు పరాయివి కావని బిడ్డకు బోధపడును. ఆ సమీపమున పర్వతాలపేటలో 1863లో గిడుగు వేంకట రామమూర్తిగారు జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరల భాష నేర్చి, దానికి వాచకములును, నిఘంటువును రచించిరి. పొరుగు భాషకై వారంత శ్రమించిరి. మన భాషకై మనమెంత శ్రమించుచున్నాము?

పిమ్మట శ్రీకూర్మము. అచటి స్తంభములపై ప్రాచీన తెలుగు శాసనములు కలవు. బిడ్డ యొక్క యక్షరము గుర్తించినను చాలును.

ఒక తరము చదువుట మానిన, మరు తరము మాటలాడుటయు మానును. దీనినాపుట పాఠశాలవలన మాత్రమే కాదు. త్రోవలో చదివిన ఊళ్ల పేర్లను పిల్లలచే వరుసగా వ్రాయించి, బడి తెరచిన దినమున పంపుడు. వానిని తరగతి గోడపై నంటింతుము.