జబ్బు చేస్తే అప్పులేనా?



ఇంట్లో పెద్ద జబ్బు వస్తే బీదవాళ్లు ఏం చేస్తారు? గొడ్డూ గోదా అమ్ముతారు. వడ్డీకి అప్పు తెస్తారు. ఆ బాధ తప్పించాలనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలుపెట్టారు. మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పెట్టారు. తెల్లకార్డు కుటుంబాలకు పెద్ద ఆపరేషన్ల ఖర్చు సర్కారే కట్టింది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఈ సాయాన్ని 10 లక్షల రూపాయల దాకా పెంచారు.

దీని మీద రెండు మాటలున్నాయి.

"కూలివాడికీ గుండె ఆపరేషన్ దొరికింది. ప్రాణం నిలిచింది" అంటారు కొందరు.

"సర్కారు సొమ్ము ప్రైవేటు ఆస్పత్రులకు పోతోంది. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరూ మందులూ ఉండాలి" అంటారు ఇంకొందరు.

రెండిట్లోనూ నిజం ఉంది. జ్వరానికీ విరేచనాలకూ దగ్గరలోనే వైద్యం కావాలి. బీపీ, షుగరు అక్కడే ముందుగా కనిపెట్టి మందులు వాడితే గుండె, కిడ్నీ చెడకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. అయినా చెయ్యి దాటితే పెద్దాసుపత్రి కావాలి. ఒకటి ఉందని రెండోది వదులుకోకూడదు. రెండూ అడగాలి.

ఆస్పత్రిలో చేరేముందే అడగండి: "ఈ జబ్బు పథకంలో ఉందా?" చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అక్షరాలు నేర్చింది అందుకే!