మందుగుండు పెట్టెలో రక్తం



ఇవాళ డాక్టర్లయిన మీకు సలహాలు చెప్పడానికి మీ ప్రొఫెసర్లున్నారు. నేను ఒక డాక్టరు సంగతి చెబుతాను. ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ 1915లో హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1917లో అమెరికా సైన్యంతో ఫ్రాన్స్ వెళ్లాడు. అక్కడ స్ట్రెచర్ల మీద వచ్చే సైనికులు చాలామంది నెత్తురు కారిపోయి, ఒళ్లు చల్లబడి, నాడి అందక, సర్జన్ చెయ్యి పడేలోపే పోయేవారు. రక్తం ఎక్కించడం అప్పటికే తెలుసు. కానీ దాత దగ్గరే ఉండాలి. దాడి జరిగే రాత్రి అంతమంది దాతల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు?

చిత్రమేమిటంటే, కావలసిన విద్యంతా అప్పటికే ఉంది. వియన్నాలో లాండ్‌స్టైనర్ 1901లో రక్తం గ్రూపులు తేల్చాడు. సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని 1914లో బ్రస్సెల్స్‌లో హస్టిన్, బ్యూనస్ ఎయిర్స్‌లో అగోటె చూపించారు. గ్లూకోజు కూడా తోడైతే కణాలు వారాల తరబడి నిలుస్తాయని 1916లో న్యూయార్క్‌లో రౌస్, టర్నర్ కుందేళ్ల మీద రుజువు చేశారు. తలా ఒక ముక్క, తలా ఒక ఊళ్లో.

రౌస్ దగ్గర పనిచేసిన రాబర్ట్‌సన్ వాటిని ఒకచోట చేర్చాడు. 'ఓ' గ్రూపు రక్తం ముందే తీసి సీసాల్లో పోసి, మందుగుండు పెట్టెల్లో ఐసు, రంపపు పొట్టు దట్టించి నిలవ చేశాడు. 1917 నవంబర్‌లో కాంబ్రే యుద్ధానికి ఆ పెట్టెలు మోసుకెళ్లాడు. కణాలు అడుక్కి దిగాక పైన తేరిన ద్రవం తీసేసి ఎక్కించేవాడు. తీవ్రమైన షాక్‌లో ఉన్న 20 మందికి 22 సార్లు ఎక్కిస్తే 11 మంది బతికారు. నా దృష్టిలో అతని గొప్పతనం పరిశోధనలో కన్నా ఆ మోతలోనే ఉంది.

యుద్ధం ముగిశాక ఆసుపత్రులు ఈ పద్ధతిని దాదాపు మరిచాయి. చికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బ్లడ్ బ్యాంకు వచ్చేసరికి 1937. అదే ఊళ్లో రాబర్ట్‌సన్ అప్పుడు న్యుమోనియా మీద పనిచేసుకుంటున్నాడు!

ఇక మన సంగతి. "రక్తం తెచ్చుకోండి" అని పేషెంటు తాలూకు వాళ్ల చేతిలో చీటీ పెట్టి అర్ధరాత్రి రోడ్డు మీదికి పంపడం మనకు అలవాటైపోయింది. ఆసుపత్రి ఉన్న ఊళ్లో వాళ్లకు ఎవరు తెలుసు? రేపటి నుంచి మీరు ఆ చీటీ రాసేముందు బ్లడ్ బ్యాంకుకు మీరే ఫోన్ చేయండి. పనిచేసే చోట రక్తదాన శిబిరాలు పెట్టించండి. మంచం మీద ముందు మీరు పడుకోండి.