మునిగిన వరిచేను చచ్చినదని తలంపరాదు



అన్నవరము కొండక్రింద వేసవి మధ్యాహ్నమున గేదెలు నీటిని వెదకికొని పోవును. వాని నల్లని చర్మమునందు చెమటగ్రంథులు తక్కువ. కావున నీటిచేతనే మేనిని చల్లార్చుకొనును. వరిమొక్క అట్లు కదలజాలదు. ఎండనైనను వఱదనైనను నిలిచినచోటనే ఎదుర్కొనవలెను.

చేను పూర్తిగా మునిగినపుడు సామాన్యపు వరి గాలికొఱకు పైకి సాగును. నీరు త్వరగా తీయనిచో, దాచుకొన్న ఆహారమంతయు ఆ సాగుటయందే వ్యయమై, పిమ్మట వాలి నశించును. ఒడిషాకు చెందిన ఎఫ్.ఆర్.13ఏ అను వరి అట్లు సాగదు. పెరుగుట మాని, ఆహారమును పొదుపుచేసికొని, నీరు తీయువఱకు వేచియుండును. ఈ గుణమునకు మూలమైన సబ్-1ఏ జన్యువును శాస్త్రజ్ఞులు 2006లో గుర్తించిరి.

పశ్చిమగోదావరిలోని మారుటేరు పరిశోధనాక్షేత్రమున పుట్టి, 1982లో విడుదలయైన స్వర్ణ వంగడమునకు ఆ గుణమును సంకరముచే చేర్చగా స్వర్ణ-సబ్1 ఏర్పడెను. 2009లో మన దేశమున విడుదలయైన ఈ వంగడము సుమారు రెండు వారముల మునకను ఓర్చును. అయినను పైరు ఎదుగు దినములలోనే ఈ ఓర్పు పనికివచ్చును. పూతవేళ వచ్చు వఱదకు గాని, నెలలతరబడి నిలుచు నీటికి గాని ఇది మందు కాదు.

నీరు తీయగానే పైరు పోయినదని దున్నివేయరాదు. వెంటనే ఎరువును చల్లరాదు. అయిదాఱు దినములు ఆగి, మొదళ్లను పరీక్షించి, క్రొత్తాకు కనబడిన పిమ్మటనే నత్రజని ఎరువును వేయవలెను. తొందరపడి దున్నిన రైతు, బ్రతుకగల పైరును తన చేతితోనే పోగొట్టుకొనును.