ఒక్కడే ఆడే కాటిసీను - చూడాలా, వద్దా?

(అంబేద్కర్ జయంతి ఏర్పాట్ల కోసం పేటలో జరిగిన సమావేశంలో మా కళాబృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జయంతి రాత్రికి ఏం పెట్టాలనే దగ్గర కమిటీలో పంచాయితీ అయింది. మన పేట కుర్రాడు హరిశ్చంద్ర కాటిసీను తానొక్కడే, ఏకపాత్రాభినయంగా చేస్తానంటున్నాడు. ఆడితే నిండు నాటకం ఆడాలి, ఒక్కడు నిలబడి ఏడిస్తే ఏం చూస్తాం అని పెద్దలు. బాబాసాహెబ్ పేరు మీద రాజుల కథేంటి, అసలే వద్దు అని కుర్రకారు. మమ్మల్ని మాట్లాడమన్నారు. మేం ఊరూరా పాటలు పాడుకునేవాళ్లం, రాత్రంతా చాపల మీద కూర్చుని నాటకాలు చూసి పెరిగినవాళ్లం. మాకు తోచింది దాచకుండా చెబుతాం.

పెద్దలు నిండు నాటకమే నాటకం అంటున్నారు. బాగానే ఉంది. కాంట్రాక్టు నాటకమంటే హార్మోనీ, తబలా, సెట్టింగులు, మొదటి హరిశ్చంద్రుడొకరు, రెండో హరిశ్చంద్రుడొకరు. ఆ డబ్బుతో మన పిల్లలకి ఏడాది పుస్తకాలొస్తాయి. పోనీ అంత పెట్టి ఏం వింటున్నాం? పద్యం అందుకుంటే రాగం అరగంట. వన్స్‌మోర్ అంటే ఇంకో అరగంట. ఆ రాగంలో మాట మునిగిపోయింది. కాటిసీను మేం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు, అందులో ఏముందో మాకు తెలిసింది మాత్రం ఒక స్కూలు వార్షికోత్సవంలో ఒక పిల్లాడు హార్మోనీ లేకుండా ఒక్కడే చేసినప్పుడే. మాట మాట వినబడింది. కాబట్టి ఒక్కడే చేస్తే తక్కువ అనే మాట మేం ఒప్పుకోం. డక్కలి కళాకారుడు పటం విప్పి జాంబపురాణం చెప్తుంటే ఎంతమంది గొంతులు వినబడతాయి? ఒక్క మనిషిలో పదిమందిని చూడటం మనవాళ్లకి కొత్త కాదు.

ఇక కుర్రవాళ్ల మాట. రాజుల కథ మనకెందుకంటే, తమ్ముళ్లూ, ఆ కాటిలో మన మనిషి ఉన్నాడు. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. కానీ కాటిసీనులో జనం గుండెలు పట్టే పద్యాలు ఎవరివి? మన గుర్రం జాషువావి. 1895లో వినుకొండలో పుట్టినవాడు. ఆయన శ్మశానం మీద రాసిన ఖండిక పద్యాలని నటులు తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. కాటిలో రాజూ, కవీ, పసిబిడ్డా ఒకే మట్టి అనీ, అంటరానితనానికి అక్కడ చోటు లేదనీ చెప్పింది ఆయనే. పద్యానికి చప్పట్లు కొట్టిన అగ్రహారాల్లో ఎందరు ఆయనకి మంచినీళ్లిచ్చారో మీరే ఆలోచించుకోండి. ఇప్పటికీ పాడేవాళ్లలో చాలామంది కవి పేరు చెప్పరు. మేం చూసిన ఒక పెద్ద నటుడైతే అంటరానితనం మాటున్న పద్యాన్నే వదిలేసి మిగిలినవి పాడాడు.

ఇంకో సంగతి. 1915-16లో జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాలకి వాచకుడిగా పని చేశాడు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కనుంచి కథా, అందరి మాటలూ తానొక్కడే చదవాలి. అది ఏకపాత్ర కాక మరేంటి?

అయితే అసలు చిక్కు వేరే ఉంది. ఒక్కడే చేసినప్పుడు మిగిలేది ఎవరు? రాజు. చంద్రమతి పోతుంది. కొడుకు శవాన్ని మోసుకొచ్చిన తల్లి ఏమందో రాజు నోటే వినాలి. వీరబాహుడు పోతాడు. రాజుని కొన్న కాటికాపరి, కాటికి యజమాని. నిండు నాటకంలో మటుకు ఏం గౌరవం ఉందిలే, మేం చూసిన ప్రతి వీరబాహుడూ తాగి తూలాడు. 2022 జనవరిలో చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర మమ్మల్ని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అడిగితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. వీరబాహుడి కోసం మనం ఒక్క అర్జీ పెట్టామా? నిషేధాలు మాకు ఇష్టం లేదు, అది వేరు. మనకి నొప్పి కూడా తెలియలేదే అని చెబుతున్నాం. మార్కండేయ పురాణంలో చూస్తే రాజుని కొన్న ఆ చండాలుడు వేషం మార్చుకున్న ధర్మదేవత. అంటే ఒక రాజుకి యజమాని అయ్యే భాగ్యం నిజమైన మనవాడికి కథలో కూడా దక్కలేదు.

రాజు కొన్నాళ్లు కాటి కాస్తే అది విషాదం. తాతముత్తాతల నుంచీ గుంట తవ్వి, పాడె ముందు డప్పు కొట్టినవాళ్లది విషాదం కాదు, వృత్తి! 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ సినిమా డైలాగు కాలేజీల్లో ఏకపాత్రకి పిల్లలంతా పట్టే డైలాగు. అక్కడా అంతే. కులం గురించి ఉరిమేది దుర్యోధనుడు. ఎవరి కులం గురించి మాట్లాడుతున్నారో ఆ కర్ణుడు ఏకపాత్రలో స్టేజీ మీదే ఉండడు.

అందుకని వద్దనాలా? మేం వద్దనం. చూడాల్సిందే. ఒక్కడే చేసే నాటకంలో ఒక వెసులుబాటుంది. కంపెనీని అడగక్కర్లేదు, కాంట్రాక్టరుని అడగక్కర్లేదు. మన కుర్రాడు తలుచుకుంటే కర్ర చేతిలోకి తీసుకుని వీరబాహుడు కావచ్చు. చిందువాళ్ల జాంబపురాణంలో జాంబవంతుడు బ్రాహ్మడితో వాదానికి దిగుతాడు, తలొంచుకుని నిలబడడు. ఆ దారి మన ఇంట్లోనే ఉంది.

నిన్న రాత్రి ఆ అబ్బాయితో కూర్చున్నాం. మొదట బెట్టు చేశాడు, నేను నేర్చుకుంది హరిశ్చంద్రుడు అన్నాడు. తర్వాత వాడే అడిగాడు: "అన్నా, వీరబాహుడు రాజుని పనిలో పెట్టుకునేటప్పుడు ఏం చెప్తాడు? మన శ్మశానానికి దారి లేదని చెప్పనా?" చెప్పరా అన్నాం. మొన్న వానల్లో మన పెద్దమ్మని కాలవలో మొలలోతు నీళ్లలో మోసుకెళ్లాం. కాటిలో అందరూ సమానమే అని జాషువా అన్నాడు, కాటిదాకా చేరితే కదా! ఊరి శ్మశానానికి సిమెంటు రోడ్డుంది.

ఒప్పందం ఇదీ. ముందు వీరబాహుడు, పది నిమిషాలు. తర్వాత హరిశ్చంద్రుడు. జాషువా పేరు మైకులో చెప్పాకే పద్యం. ఏ పద్యమూ వదలకూడదు. దారి కోసం రాసిన అర్జీ స్టేజీ పక్కన బల్ల మీద ఉంటుంది, సంతకాలకి వేలిముద్రల ప్యాడు కూడా పెడతాం. సర్పంచిగారిని ముందు వరసకి పిలిచాం. అక్కలు వంటలు త్వరగా ముగించుకుని రండి, తొమ్మిదింటికల్లా మొదలెడతాం.

జై భీమ్.