క్యాన్సరు మందుల ఖర్చు - మనకు గల ఆధారములు
(సంఘ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన పెద్దలు రాచపుండని పిలిచిన క్యాన్సరు ఇంట ప్రవేశించినప్పుడు, మనము చేయు మొదటి పని దానిని దాచుట. రెండవ పని నగలు తాకట్టుపెట్టుట. సహాయమెచ్చట దొరకునో విచారించుట చివరి పనియగుచున్నది. ఈ క్రమము తలక్రిందులు కావలెనని మా మనవి.

మొదట మందు ధరను గూర్చి చెప్పుదుము. రక్తక్యాన్సరులో ఒక రకమునకు వాడు ఇమాటినిబ్ బిళ్లలు గ్లీవెక్ అను పేరుతో నెలకు సుమారు 1,20,000 రూపాయలుండగా, మన దేశపు కంపెనీలు చేసిన అదే మందు సుమారు పదివేలకు లభించెడిది. 2013 ఏప్రిల్ 1వ తేదీన సుప్రీంకోర్టు నొవార్టిస్ కంపెనీ పేటెంటు కోరికను త్రోసిపుచ్చుటచే ఆ చవుకమందు నిలిచినది. కావున, "ఇదే మందు జెనరిక్ రూపమున కలదా?" యని వైద్యుని అడుగుట అవమానము కాదు. ప్రభుత్వాసుపత్రులలో 2015 నుండి వెలసిన అమృత్ దుకాణములలో క్యాన్సరు మందులు తగ్గింపు ధరకు దొరకును.

ఇక ప్రభుత్వ బీమా. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద అర్హతగల కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభించును. 2024 అక్టోబరులో కేంద్రము దీనిని 70 ఏండ్లు నిండినవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, విస్తరింపజేసినది. మీ రాష్ట్రమున అది అమలగు తీరును ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగుడు. ఇంటివద్ద మ్రింగు బిళ్లలలో ఏవి పథకపు పట్టికలో కలవో కూడ చికిత్సకు ముందే తెలిసికొనుడు. ఆసుపత్రి విడిచిన పిమ్మట పథకము భరించు మందుల గడువు 15 దినములే.

కొందరు ఆరోగ్యశ్రీకై హైదరాబాదు వైపు చూచుచున్నారు. అది అచ్చటి కార్డుదారులకు ఉద్దేశించినది. మన ఇంటిభాష తెలుగైనను, మన హక్కు మనము తరతరములుగా పన్ను కట్టిన నేలయందే కలదు. పేదరికపు రేఖకు దిగువనున్నవారికై 2009లో ఏర్పడిన ఆరోగ్యమంత్రి క్యాన్సరు రోగుల నిధి ప్రాంతీయ క్యాన్సరు కేంద్రముల ద్వారా అందును. బెంగుళూరు కిద్వాయి, చెన్నై అడయారు, కటకము ఆచార్య హరిహర, బొంబాయి టాటా, పుదుచ్చేరి జిప్మర్ అట్టి కేంద్రములే.

సొంత బీమాగలవారు ఒక విషయము మరువరాదు. నోటిద్వారా తీసికొను క్యాన్సరు మందులను పాలసీనుండి పూర్తిగా తొలగించరాదని బీమా నియంత్రణ సంస్థ 2019లో ఆదేశించినది. పరిమితి మాత్రము విధింపవచ్చును. ఆ పరిమితిని పాలసీ పత్రమున చదువవలెను. క్లెయిము తిరస్కరించినచో కారణమును వ్రాతమూలమున కోరి, మొదట కంపెనీకే ఫిర్యాదు చేయవలెను. నెలలోగా తృప్తికరమైన జవాబు రానిచో బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండ అర్జీ పెట్టవచ్చును. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోగా పెట్టవలెను. యానామువారికి హైదరాబాదు కార్యాలయము. తక్కినవారికి చెన్నై, బెంగుళూరు, భువనేశ్వరము, బొంబాయి, పుణెలలో తమ ప్రాంతమునకు చెందినది.

మనవారికి ప్రత్యేకముగా అడ్డువచ్చునది పేరు. ఇంటిపేరు ఒక పత్రమున ముందు, వేరొకదానిలో వెనుక, మరియొకదానిలో ఒక్క అక్షరముగా నుండును. ఆధారు, రేషను కార్డు, పాలసీ, ఆసుపత్రి కాగితము, ఈ నాల్గింట పేరొకటి కానిచో దరఖాస్తు తిరిగివచ్చును. రోగము రాకముందే ఈ పత్రములను సరిచేసికొనుట ఖర్చులేని ఔషధము.

"మేము చేయిచాచము" అను అభిమానము మనకు మెండు. అభిమానము మంచిదే. కాని హక్కును కోరుట యాచన కాదు. మందు నడుమ ఆగిపోయినచో రోగము మన పరువును లెక్కచేయదు. కావున ప్రతి పేటలోను స్థానికభాష చదువ వ్రాయనేర్చిన ఇద్దరు యువకులు దరఖాస్తులు నింపుటకు ముందుకు రావలెనని మా ప్రార్థన. ఇంటి గుట్టును కాపాడుట వారి ధర్మము; సకాలమున నోరువిప్పుట మన ధర్మము.

సెలవు.