సాక్షి లేని రెండు వందల కోట్ల ఏళ్లు



తత్త్వశాస్త్రం వారినీ సాహిత్యం వారినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, నడుమ నన్ను అధ్యక్షుడిగా ఇరికించిన నిర్వాహకుల ఆంతర్యం నాకు తెలియకపోలేదు. తిట్టాలనిపిస్తే ఇరుపక్షాలకీ నేను చేతికి అందేంత దూరంలో ఉంటాను. ఇచ్చిన అంశం పాతదే: గమనించే చేతన లేకపోతే విశ్వానికి అర్థం ఉంటుందా? ఉపనిషత్తుల దగ్గర మొదలుపెడితే భోజనాల వేళ దాటిపోతుంది కనుక, నేరుగా ఆఫ్రికాలోని ఒక గనిలోకి దిగుతాను.

గాబోన్ దేశంలో ఓక్లో అనే చోట ఫ్రెంచివారు యురేనియం తవ్వేవారు. 1972లో ఆ సరుకు ఫ్రాన్సులోని పియర్‌లాట్ కర్మాగారానికి చేరినప్పుడు ఒక నమూనాలో లెక్క తేడా వచ్చింది. భూమ్మీద ఎక్కడ తవ్విన యురేనియంలోనైనా 235 రకం పరమాణువులు నూటికి 0.720 పాళ్లుంటాయి. చంద్రుడి మీంచి తెచ్చిన రాళ్లలోనూ, ఉల్కల్లోనూ అంతే. ఇక్కడ 0.717 తేలింది. మన ఆఫీసుల్లో అయితే గుమస్తా పొరపాటని సంతకం పెట్టేసేవారు. కానీ అది బాంబులకు పనికొచ్చే సరుకు, చిటికెడు తగ్గినా జవాబు చెప్పాలి. వాడేసిన ఇంధనం ఏదైనా వచ్చి కలిసిందేమోనని చూశారు. కలిస్తే యురేనియం-236 జాడ ఉండాలి, లేదు. ఆరా తీసుకుంటూ గని దాకా వెళితే, అక్కడి రాతిలోనే కొన్నిచోట్ల ఆ పాలు 0.44 దాకా పడిపోయి ఉంది. దాని పక్కనే నియోడైమియం అనే మూలకం. అది మామూలు రాళ్లలో ఉండే పాళ్లలో లేదు. అణు రియాక్టరు నడిచాక మిగిలే పాళ్లలో ఉంది.

సంగతేమిటంటే, సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట ఆ నేలలో ఒక రియాక్టరు తనంతట తాను రాజుకుంది. యురేనియం-235 మిగతా యురేనియం కంటే త్వరగా తరిగిపోతుంది. అందుకని ఆ కాలంలో దాని పాలు నూటికి మూడు దాకా ఉండేది. ఇవాళ మనం విద్యుత్కేంద్రాల కోసం అవస్థపడి శుద్ధి చేసుకునే ఇంధనంలోనూ ఇంచుమించు అంతే. ఊరిన నీరు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించింది, గొలుసు చర్య మొదలైంది. వేడికి నీరు ఆవిరైపోయింది, నీరు లేక చర్య ఆగింది. చల్లారాక నీరు మళ్లీ చేరింది. రాతిలో చిక్కుకున్న జెనాన్ వాయువును పరీక్షించినవారు 2004లో ఆ లయను కూడా లెక్కగట్టారు: అరగంట మండటం, రెండున్నర గంటలు ఆరి ఉండటం. అలా లక్షల ఏళ్లు. ఇలాంటిది జరిగి ఉండవచ్చని 1956లోనే కురోడా అనే రసాయన శాస్త్రవేత్త కాగితం మీద చూపించారు.

అప్పటికి భూమ్మీద కళ్లున్న ప్రాణి లేదు. ఉన్నవి సూక్ష్మజీవులు. మన కడప జిల్లా వేంపల్లె వైపు సున్నపు శిలల్లో పొరమీద పొరగా వంపు తిరిగిన చారలు కనిపిస్తాయి. స్ట్రోమటోలైట్లంటారు. లోతులేని సముద్రపు అడుగున సూక్ష్మజీవులు కట్టుకున్నవి, వయసు ఇంచుమించు 190 కోట్ల ఏళ్లు. అంటే ఓక్లోకి దాదాపు ఈడువే. ఇలాంటి జీవులే కోట్ల ఏళ్ల పాటు ఆక్సిజన్ వదిలి గాలిని మార్చాయి. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం కరుగుతుంది, కొట్టుకొచ్చి ఒకచోట పేరుకుంటుంది. ఓక్లో నిప్పు వెనుక ప్రాణం ఉంది, తలపు లేదు.

ఇప్పుడు సభ ముందున్న ప్రశ్నను ఓక్లో గని గట్టు మీద నిలబడి అడుగుదాం. ఆ రియాక్టరు మండిందా? మండింది. ఎవరూ చూడలేదు కనుక మండలేదనే ధైర్యం నాకు లేదు. జగత్తు మిథ్య అన్నారని మనం తేలిగ్గా ఉదహరించే శంకరులు కూడా, బౌద్ధ విజ్ఞానవాదుల మీద వాదానికి దిగినప్పుడు బయటి వస్తువే లేదనడానికి ఒప్పుకోలేదు. చూడటమే సృష్టి అన్నంత దూరం వెళ్లినవారు ప్రకాశానందుడి వంటి తరువాతి అద్వైతులు.

ఇక్కడ ఎవరో ఒకరు క్వాంటం అంటారని తెలుసు. ఈ మధ్య ఆ మాట ఎత్తకుండా వేదాంత సభలు సాగడం లేదు. ఆ శాస్త్రంలో పరిశీలన అంటే ఒక మనసు చూడటమే కానక్కర్లేదు. ఒక ధూళికణం తగిలినా, ఒక గాలి అణువు ఢీకొన్నా ఆ పని జరిగిపోతుంది. 1961లో యూజీన్ విగ్నర్ అంతటివారు చేతన వల్లనే కొలత పూర్తవుతుందని వాదించిన మాట నిజం. 1970 నుంచి భౌతిక శాస్త్రవేత్త డీటర్ త్సే చూపిన దారిని గమనించాక విగ్నరే ఆ వాదం వదులుకున్నారు. ఈ కథలో మొదటి సగం మాత్రమే మన ప్రసంగాల్లోకి వచ్చింది.

అర్థం మాట వేరు. దాని దగ్గర నేను ఠాగూరు వైపుకు కొంత జరుగుతాను. 1930 జూలై 14న బెర్లిన్ దగ్గర కాపుట్ గ్రామంలో, ఐన్‌స్టీన్ ఇంట్లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నది మీకు తెలుసు. ఇంట్లో ఎవరూ లేకపోయినా బల్ల అక్కడే ఉంటుందన్నది ఐన్‌స్టీన్ పట్టు. సత్యం మనిషి ద్వారానే సత్యమవుతుందన్నది ఠాగూరు పట్టు. ఆ సంభాషణలో అందరూ బల్లనే గుర్తుపెట్టుకున్నారు. నాకు నచ్చింది ఠాగూరు తెచ్చిన పురుగు. కాగితం తినే పురుగుకు సాహిత్యం అనేది లేనే లేదు, ఉన్నదల్లా కాగితమేనని ఆయన అన్నారు. అయితే దీని నుంచి ఆయన తీసిన ముగింపు నాకు సరిపోలేదు. కాగితం లేకపోతే సాహిత్యం చదివేవాడికీ ఏమీ దక్కదు గదా.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి గుట్టు విప్పేదాకా, అలాంటి రాతను చదవగలిగేవారు శతాబ్దాల పాటు లేరు. అయినా ఆ బండకు అర్థం ఉంది. ఎందుకంటే చెక్కించినవాడికి ఒక ఉద్దేశం ఉంది. ఓక్లో రాతికి అలాంటివాడు లేడు. ఉన్నాడనేవారితో నాకు తగాదా లేదు, కానీ 0.717 అన్న అంకె వాణ్ణి సాక్ష్యానికి పిలవదు. ప్రకృతి తన ఆటంతా పురుషుడికి చూపడానికే ఆడుతుందన్న సాంఖ్యుల ఊహ అందమైనదే. అయితే ఆ నిప్పు మనకోసం మండలేదు.

కనుక నాకు తోచేది ఇది. ఉద్దేశం అనే అర్థంలో ఆ రాతికి అర్థం లేదు, 1972కి ముందూ లేదు, తర్వాతా లేదు. చదవడానికి వీలైన పొందిక మాత్రం ఎవరూ లేనప్పుడూ అందులో ఉంది. చదివినవారు వచ్చాక అర్థం పుట్టింది, కానీ వారి ఇష్టం వచ్చినట్టు పుట్టలేదు. వాడేసిన ఇంధనం కలిసిందన్న పాఠాన్ని రాయి ఒప్పుకోలేదు. పాఠకుడే అర్థాన్ని సృష్టిస్తాడని నమ్మే సాహిత్య మిత్రులు ఈ కాదనడాన్ని కాస్త పట్టించుకోవాలని నా కోరిక. మంచి పద్యమూ కొన్ని వ్యాఖ్యానాలను ఇలాగే తిప్పికొడుతుంది.

మాలో చాలామందికి విశ్వం పరిచయమైంది నండూరి రామమోహనరావుగారి ‘విశ్వరూపం’తో. ‘నరావతారం’, ‘విశ్వదర్శనం’ కూడా ఆయనే రాశారు. నక్షత్రాలు, ఆ తర్వాత మనిషి, ఆపైన తత్త్వం. ఆ వరుసలో చదువుకున్నవాణ్ణి కాబట్టి తత్త్వాన్ని నక్షత్రాల కంటే ముందు పెట్టడం నాకు చేతకాదు.

ఒక ఆక్షేపణ మిగిలే ఉంది. రేపు మనం కూడా పోతాం. ఇంకో వంద కోట్ల ఏళ్లకు సూర్యుడి వేడి పెరిగి సముద్రాలు నిలవవని ఖగోళ శాస్త్రజ్ఞుల అంచనా. చదివేవారే పోయాక, చదివిన అర్థం ఏమవుతుంది? నేననేది, ఓక్లో ఒకనాడు ఒకరికి అర్థమైందన్నది కూడా ఇప్పుడు విశ్వంలో జరిగిన ఒక సంగతి. ఆ నిప్పు మండిన సంగతి నిలవడానికి సాక్షి అవసరం లేనట్టే, దీనికీ అవసరం లేదు.

ఇది చెల్లదని వాదించే పత్రం మొదటి సమావేశంలోనే ఉందని కార్యక్రమ పత్రిక చెబుతోంది. రాసినవారు ముందు వరుసలో గడియారం చూసుకుంటున్నారు. వారి సమయం నేను తినడం న్యాయం కాదు, దయచేసి వేదిక మీదికి రండి.